డైవింగ్ కార్డు చేతికొచ్చాకే అసలు క్యాంపు

విద్యార్థుల కోసం స్కూబా డైవింగ్, మెరైన్ బయాలజీ కలిపి నడిపే వేసవి క్యాంపుల ప్రకటనల్లో ఒక ఫొటో తరచూ కనిపిస్తుంది. నీలిరంగు నీళ్లు, వెనక పగడాలు, ముందు మాస్క్ పెట్టుకున్న పిల్లాడు కెమెరాకు బొటనవేలు పైకెత్తి చూపిస్తుంటాడు. ఒడ్డున ఉన్నవాళ్లకు అది 'సూపర్' అని చెప్పినట్టే. డైవర్ల సైగల్లో మాత్రం దానికి 'ఇక చాలు, పైకి పోదాం' అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ప్రకటన వేసినవాళ్లు ఇది గమనించకపోవడం చిన్న విషయమే. కానీ ఈ క్యాంపులతో నాకున్న పేచీ అంతా ఆ ఫొటోలోనే ఉంది. అందులో పిల్లాడు సముద్రాన్ని చూడటం లేదు, కెమెరాను చూస్తున్నాడు.

డైవింగ్‌నూ జీవశాస్త్రాన్నీ కలపడం కొత్త ఆలోచనేమీ కాదు, వ్యాపారం కోసం అంటగట్టిన జోడీ కూడా కాదు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి నీటి అడుగున ఊపిరి పీల్చుకునే పరికరం ఆక్వాలంగ్ తయారుచేసేదాకా సముద్ర జీవుల గురించి తెలిసినదాంట్లో చాలా భాగం వలల్లో చిక్కి పైకొచ్చినవాటి నుంచే తెలిసింది. చచ్చిన చేపను కోసి దాని పొట్టలో ఏముందో చెప్పొచ్చు. అది పొద్దున ఎక్కడ తిరుగుతుందో, ఎవరిని తరుముతుందో, రాత్రి ఏ సందులో దూరి పడుకుంటుందో చెప్పలేం. మనిషి వీపున గాలి మోసుకుని దిగి, చేపకు ఎదురుగా ఉండి చూడటం మొదలయ్యాకే అలాంటి ప్రశ్నలకు జవాబులు దొరకసాగాయి. 1970లో సముద్ర జీవశాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో మహిళల బృందం ఒకటి టెక్టైట్ ప్రాజెక్టులో భాగంగా నీటి అడుగున కట్టిన నివాసంలోనే రెండు వారాలు ఉండి పరిశోధన చేసింది. పిల్లల క్యాంపుల సంగతికొస్తే, ఫ్లోరిడా కీస్‌లో సీక్యాంప్ 1966లోనే మొదలైంది.

మరి చిక్కెక్కడ? టైంటేబుల్లో.

డైవింగ్ శిక్షణ సంస్థల్లో బాగా పేరున్న ప్యాడీ నిబంధనల ప్రకారం పదేళ్లు నిండినవాళ్లు జూనియర్ ఓపెన్ వాటర్ కోర్సులో చేరొచ్చు. 10, 11 ఏళ్లవాళ్లు 12 మీటర్లు దాటి దిగకూడదు. 12 నుంచి 14 ఏళ్లవాళ్లు సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్లు తోడుంటే 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి, కొలనులో కసరత్తులు పూర్తిచేయాలి, తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయాలి. అప్పుడే డైవర్ సర్టిఫికెట్ కార్డు చేతికొస్తుంది. ఇదంతా మామూలుగా మూడు, నాలుగు రోజుల పని. పది రోజుల క్యాంపు అనుకుంటే వచ్చిన రోజు, వెళ్లే రోజు పోగా, గాలివానకు ఒక రోజు వదిలేసుకుంటే, మిగిలినదాంట్లో దాదాపు సగం కోర్సుకే సరి. బయాలజీకి దక్కేది సాయంత్రం ఓ గంట స్లైడ్ షో. అప్పటికి ఎండకూ ఉప్పునీటికీ అలిసిన పిల్లలు కుర్చీల్లోనే తూగుతుంటారు.

పోనీ డైవ్ చేస్తూనే జీవశాస్త్రం కూడా నేర్చుకుంటారులే అనుకుందామా? కొత్త డైవర్ బుర్ర ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. చెవుల్లో ఒత్తిడి సర్దుకోవాలి, మాస్క్‌లోకి నీళ్లొస్తే ఊదేయాలి, మునిగిపోకుండా, పైకి లేచిపోకుండా ఒక మట్టాన నిలవాలి, తోడు డైవర్ ఎక్కడున్నాడో చూసుకోవాలి, సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో గేజ్‌లో చూసుకుంటూ ఉండాలి. నా మొదటి డైవ్‌లో ఏం చూశావని ఎవరైనా అడిగితే నిజాయతీగా చెప్పాల్సింది ఒకటే: గేజ్. ఓ పెద్ద చేప నా భుజం పక్క నుంచే వెళ్లిందని పడవెక్కాక మిగతావాళ్లు చెప్తే తెలిసింది.

ఆ ధ్యాస తప్పు కాదు. అదే ప్రాణాన్ని కాపాడేది. ఈతకు మించిన లోతు లేదని మన సామెత. స్కూబాలో అది చెల్లదు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిరగొచ్చు. అందుకు పది మీటర్లు కూడా అక్కర్లేదు, నిలబడితే తల మునగని కొలను చాలు. బాగా ఈత వచ్చిన పిల్లల మీదే ఇక్కడ ఎక్కువ కన్నేసి ఉంచాలి, ఎందుకంటే నీళ్లలో ఊపిరి బిగబట్టడం వాళ్లకు పాత అలవాటు. ఆ అలవాటును మాన్పించి, 'ఆపకుండా పీలుస్తూ వదులుతూ ఉండు' అన్న ఒక్క మాట ఒంటికి పట్టించడానికే రోజులు కావాలి.

అమెరికాలో యూనివర్సిటీల తరఫున పరిశోధన కోసం దిగే డైవర్లకు అక్కడి అండర్ వాటర్ సైన్సెస్ అకాడమీ పెట్టిన ప్రమాణం 100 గంటల శిక్షణ, 12 డైవ్‌లు. వేసవి సెలవులకు వచ్చిన పద్నాలుగేళ్ల అమ్మాయిని అంత చేయమని ఎవరూ అనరు. కానీ నాలుగు డైవ్‌ల తర్వాత చేతికొచ్చిన కార్డుతో ఆమెను 'యంగ్ మెరైన్ సైంటిస్ట్' అని బ్రోచర్‌లో రాసేముందు ఈ తేడా ఒకసారి గుర్తు తెచ్చుకుంటే బాగుంటుంది.

నిలకడ రాని డైవర్ పగడాల మీదికి వెళ్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. తనకు తెలియకుండానే కాలి ఫిన్స్‌తో కొట్టుకుంటూ పోతాడు. గుండ్రటి బండల్లాంటి పగడాలు ఏడాదికి పెరిగేది మిల్లీమీటర్లలో, మహా అయితే ఒకటి రెండు సెంటీమీటర్లు. ఒక్క తన్నుకు విరిగిన ముక్క వెనక ఆ పిల్లాడి వయసుకు మించిన ఎదుగుదల ఉండొచ్చు. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో డైవర్లను వెంబడించి గమనించిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. దిగేముందు 'పగడాలను తాకకండి' అని ఒక్క ముక్క చెప్తే ఏమీ తేడా రాలేదని, తాకినప్పుడల్లా గైడ్ పక్కనే ఉండి వారిస్తేనే తాకడం తగ్గిందని అందులో తేలింది. కెమెరా పట్టుకున్నవాళ్లే ఎక్కువగా తాకారని కూడా తేలింది. ఆ ప్రకటన ఫొటో మళ్లీ గుర్తొస్తోందా? పిల్లల క్యాంపుకు ఇందులో సూటిగా పనికొచ్చే సంగతి ఉంది. పర్యావరణం గురించి పడవ మీద ఇచ్చే ఉపన్యాసం కన్నా ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ వెనక ఎంతమంది పిల్లలున్నారన్న లెక్క ముఖ్యం. నలుగురైతే ప్రతి కాలూ కనిపిస్తుంది. ఎనిమిది మందైతే తలలు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది.

నన్నడిగితే వరస తిరగేయాలి. మొదటి రెండు మూడు రోజులు సిలిండర్ ఊసే వద్దు. ఊపిరి పీల్చే గొట్టం (స్నోర్కెల్), మాస్క్, నడుంలోతు నీళ్లు చాలు. ఆటుపోట్లకు మునిగి తేలే రాళ్ల గుంతల్లో, సముద్రపు గడ్డి మేటల్లో దొరికే జీవాలు నెలరోజులు చూసినా తరగవు. సన్నటి వలతో నాలుగు నిమిషాలు నీళ్లను జల్లెడ పట్టి, ఒక్క చుక్క మైక్రోస్కోప్ కింద పెడితే చాలు: భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ కంటికి ఆనని వృక్ష ప్లవకాలదేనన్న వాక్యం పుస్తకంలోంచి లేచి కదలడం మొదలుపెడుతుంది. దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఉబ్బసం ఉన్న పిల్లలు, చెవి సమస్య ఉన్నవాళ్లు, డాక్టర్ డైవింగ్ వద్దన్నవాళ్లు కూడా అందరితో సమానంగా చేయగలిగిన పని ఇది.

దిగేముందే ఏం చూడాలో తెలిసినవాళ్లకు అదే సముద్రం వేరేగా కనిపిస్తుంది. క్లీనర్ రాస్ అని వేలెడంత చేప ఉంది. పగడపు దిబ్బ మీద ఒక చోటు చూసుకుని అక్కడే దుకాణం పెడుతుంది. పెద్ద చేపలు వచ్చి నోరు తెరిచి, మొప్పలు విప్పి నిలబడితే ఇది లోపలికి దూరి మరీ పరాన్నజీవులను ఏరి తింటుంది. అప్పుడప్పుడూ కక్కుర్తి పడి ఖాతాదారు ఒంటి మీది జిగురును కూడా కొరుకుతుంది. అప్పుడు పెద్ద చేప ఉలిక్కిపడి వెనక్కి జరుగుతుంది. పైగా ఈ క్లీనర్ వేషం వేసుకుని తిరిగే బ్లెనీ చేప ఇంకొకటి ఉంది. శుభ్రం చేస్తుందని నమ్మి దగ్గరకొస్తే రెక్క ముక్క కొరుక్కుని పారిపోతుంది. ఈ కథ తెలియని పిల్లాడికి అది చిన్న నీలం చేప, అంతే. తెలిసినవాడు అక్కడే పది నిమిషాలు కదలకుండా ఆగి, ఎన్ని చేపలు వచ్చాయి, ఎన్ని ఉలిక్కిపడ్డాయి అని లెక్కేస్తాడు. కదలకుండా ఆగాలంటే నిలకడ కావాలి కాబట్టి ఆ కుతూహలమే వాడికి డైవింగ్ కూడా నేర్పుతుంది. ఇన్‌స్ట్రక్టర్ వందసార్లు చెప్పినా కుదరని బయన్సీ, అంటే నీళ్లలో ఒక మట్టాన నిలవడం, ఒక చేపను చూడాలన్న పట్టుదలతో కుదిరిపోతుంది.

రంగుల సంగతీ అంతే. ఎరుపు మొదటి కొన్ని మీటర్లలోనే మాయమైపోతుంది. నీరు ఆ కాంతిని మింగేస్తుంది. లోతున ఎర్ర చేప బూడిద రంగులో, నీడలాగా కనిపిస్తుంది. టార్చ్ వేయగానే ఒక్కసారిగా ఎర్రగా మెరుస్తుంది. అక్కడ ఎరుపు అందానికి కాదు, దాక్కోవడానికి అని ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది.

కార్డు వచ్చాక మిగిలిన రోజుల్లో ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. చాలా క్యాంపులు రోజుకో కొత్త చోటికి తీసుకెళ్తాయి. ఈరోజు మునిగిన ఓడ, రేపు గుహ, ఎల్లుండి షార్కులు. ఇంకా రోజులు మిగిలితే మరో కార్డు కోసం అడ్వాన్స్‌డ్ కోర్సు. ఇది విహారయాత్ర. అందులో తప్పేమీ లేదు, కానీ దానికి ఆ పేరే పెట్టుకోవాలి. జీవశాస్త్రం కావాలంటే వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లాలి. 1996లో మొదలైన రీఫ్ చెక్ పద్ధతి ఎంత సాదాసీదాగా ఉంటుందో చూడండి: దిబ్బ మీద టేపు పరుస్తారు, దాని వెంట 20 మీటర్ల ముక్కలు నాలుగు తీసుకుంటారు, అయిదు మీటర్ల వెడల్పు పట్టీలో ఎంచుకున్న కొన్ని రకాల చేపలనే లెక్కపెడతారు. శాస్త్రవేత్తలు కానివాళ్లూ చేయగలిగేలా తయారుచేసిన పద్ధతి ఇది. చేతిలో ఉండేది ప్లాస్టిక్ పలక, దానికి కట్టిన పెన్సిల్. ఒకటో తరగతి సరంజామాయే అనుకోండి.

ఇలాంటి లెక్కలకు ఇప్పుడు విలువ పెరిగింది. సముద్రపు నేలలో ఒక్క శాతం కూడా లేని పగడపు దిబ్బల మీద సముద్ర జీవ జాతుల్లో దాదాపు పాతిక శాతం ఆధారపడి ఉన్నాయి. నీరు మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు వేడెక్కితే పగడాలు తమలో ఉండి తిండి పెట్టే నాచును బయటికి వదిలేసి తెల్లబడతాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగో విడత తెల్లబారడం మొదలైందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. తెల్లబడిన పగడం ఇంకా చచ్చిపోలేదు. వేడి తగ్గితే కోలుకోవచ్చు. ఏది తెల్లబడింది, ఏది చచ్చి నాచు పట్టింది అన్న తేడా కళ్లతో పట్టుకోవడం ఒక టీనేజర్ వారంలో నేర్చుకోగలిగిన పని. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో పుట్టిన కోరల్‌వాచ్ వాళ్లు దీనికోసమే రంగుల చార్టు తయారుచేశారు. చార్టును పగడం పక్కన పెట్టి రంగు పోల్చి రాసుకోవడమే.

భద్రత గురించి ఒక్క మాట. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా డైవ్ మానేయొచ్చన్నది డైవింగ్‌లో అందరూ ఒప్పుకునే నియమం. పెద్దవాళ్లకే అది పాటించడం కష్టం. పదిమంది స్నేహితులు సూట్లు వేసుకుని పడవ అంచున కూర్చుని ఉండగా 'నాకు చెవి నొప్పిగా ఉంది, నేను రాను' అనడానికి పదిహేనేళ్ల వయసులో ఎంత గుండె కావాలో ఆలోచించండి. జలుబు చేస్తే చెవులు సర్దుకోవు, అయినా టెన్షన్ దాచుకుని దిగిపోతారు. అలా మానేసిన పిల్లలకు పడవ మీద చేయడానికి అసలైన పని ఉంటే, అంటే నీటి ఉష్ణోగ్రత కొలవడమో ప్లవకాల వల వేయడమో ఉంటే, మానేయడం ఓటమిలా అనిపించదు. బయాలజీని గట్టిగా పట్టుకున్న క్యాంపు ఈ కోణంలో కూడా మెరుగ్గా ఉంటుందని నా నమ్మకం.

తల్లిదండ్రులు ఎన్ని డైవ్‌లు అని అడుగుతారు. ఒకే చోట ఎన్ని డైవ్‌లు అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చే క్యాంపులు తక్కువే ఉంటాయి.

అలాగే చివరి రోజు ఏం చేయిస్తారో కూడా అడగండి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి, వరసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కేలోపు కనీసం 18 గంటలు ఆగాలి. అంటే ప్రతి క్యాంపుకూ చివర్లో ఒక పొడి రోజు తప్పదు. చాలాచోట్ల ఆ రోజు టీ షర్టుల మీద సంతకాలతో గడిచిపోతుంది. పలకలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఇంకోలా గడుస్తుంది. ఒకే టేపు వెంట, ఒకే సమయంలో ఈదిన ఇద్దరి పలకల్లో చిలక చేపలు ఒకరికి 14, ఒకరికి 19 అని ఉంటాయి. పట్టీ అవతల ఉన్నవాటిని కూడా లెక్కేశావని ఒకడు, నువ్వు ముందు ఈదేసరికి అవి చెదిరిపోయి తిరిగొచ్చాయని ఇంకొకడు. టేపుకు అటూ ఇటూ రెండున్నర మీటర్లు కంటితో కొలవడం ఎలాగని మూడోవాడు. మళ్లీ దిగి చూద్దామంటే, రేపు పొద్దున్నే విమానం.