లాన్ కింద ఏముంది?

కొత్త అపార్ట్‌మెంట్ గేటు దాటగానే కనిపించే పచ్చదనం వెనక మహా అయితే పది పన్నెండు మంది ఉంటారు. విజిటింగ్ కార్డు మీద ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీ అని రాసి ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే ఒక ఓనరు, ఒక సూపర్‌వైజరు, ఇద్దరు ముగ్గురు మాలీలు, పని పడినప్పుడు పిలిపించే కూలీలు, ఒక ట్రాలీ ఆటో. ఊరి చివర లీజుకు తీసుకున్న స్థలంలో గ్రీన్ నెట్ కట్టి నడిపే నర్సరీయే వాళ్ల ఆఫీసు కూడా.

ఇలాంటి కంపెనీల విలువల గురించి ఎక్కడ చదివినా ప్రకృతి మీద ప్రేమ, పచ్చటి రేపు వంటి మాటలే ఉంటాయి. ప్రేమ ఉందో లేదో కొలిచే సాధనం నా దగ్గర లేదు. ఈ పనిలో నిజాయితీ ఉందా లేదా అన్నది మాత్రం రెండో ఎండాకాలానికి గానీ తేలదు. మనం బిల్లు చెల్లించేది మొక్క నాటిన నెలలోపే. చిన్న ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీ ఎలా ప్రవర్తిస్తుందో అర్థం కావాలంటే ఓనరు మనస్తత్వం కన్నా ముందు ఈ తేడాను చూడాలి.

తెలుగు ప్రాంతంలో ఈ రంగానికి పుట్టిల్లు ఏదంటే కడియం. రాజమండ్రి దాటి హైవే మీద కడియపులంక వైపు వెళ్తే రెండు పక్కలా నర్సరీలే. గోదావరి ఒండ్రు, కాలవ నీళ్లు, అంటు కట్టే చేతులు మూడూ ఒకే చోట కుదిరాయి. సత్యనారాయణ నర్సరీని పెంచిన పల్లా వెంకన్న లాంటి వాళ్లు మొక్కల పెంపకాన్ని వ్యాపారంగా నిలబెట్టారు. అక్కడి నుంచి లారీల్లో మొక్కలతో పాటు మనుషులూ బయల్దేరారు. హైదరాబాద్, బెంగళూరు శివార్లలో రోడ్డు పక్కన నర్సరీ పెట్టి, విల్లాలో చిన్న తోటతో మొదలుపెట్టి, లేఅవుట్ కాంట్రాక్టుల దాకా ఎదిగిన గోదావరి జిల్లాల వాళ్లు తక్కువేమీ కాదు. వీళ్లలో చాలామందికి డిజైన్ డిగ్రీ ఉండదు. అంటు చూసి అది ఎన్నాళ్లదో చెప్పగలరు, ఆకు వాలిన తీరు చూసి నీళ్లు తక్కువయ్యాయా ఎక్కువయ్యాయా చెప్పగలరు. కొటేషన్‌లో ఈ తెలివికి ఒక లైను కూడా ఉండదు. మొక్కకింత, లారీ మట్టికింత, చదరపు అడుగు లాన్‌కింత, అంతే.

నా దృష్టిలో కంపెనీ గుణం మొదట తెలిసేది మట్టి దగ్గర. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పని మొదలైన తొలి రోజే జేసీబీతో పైమట్టి ఎత్తి పారేస్తారు. వందల ఏళ్లు పట్టి తయారైన మట్టి అది. రెండు మూడేళ్ల తర్వాత అదే స్థలానికి ఎక్కడి నుంచో ఎర్రమట్టి లారీల్లో కొనుక్కొచ్చి పోస్తారు. తీసేసిన మట్టిని ఒక మూల కుప్ప పోసి ఉంచుకుంటే సగం ఖర్చు తప్పేది. ఆ టైముకి తోట గురించి ఎవరూ ఆలోచించరు, ల్యాండ్‌స్కేపింగ్ వాళ్లను పిలిచేది అన్నిటికంటే చివర. వాళ్లొచ్చేసరికి ఉండేది ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు, టైల్స్ పెంకులు. దాని మీద ఆరంగుళాల ఎర్రమట్టి కప్పి మెక్సికన్ గ్రాస్ పరిస్తే హ్యాండోవర్ రోజున ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. శుభ్రంగా చేసేవాడు చెత్త తవ్వి ఎత్తిస్తాడు, గుంత నిండా నీళ్లు పోసి అవి ఎంతసేపటికి ఇంకుతాయో చూస్తాడు, ఇంకకపోతే ఇంకా లోతుకు తవ్విస్తాడు, మాగిన పశువుల ఎరువు కలిపిస్తాడు. దీనివల్ల అతని కొటేషన్ పెరుగుతుంది. తక్కువ కోట్ చేసినవాడికే పని ఇచ్చే పద్ధతిలో అతను మొదటి రౌండ్‌లోనే ఔట్.

మొక్క నాటడంలోనూ అంతే. ఏళ్ల తరబడి కవర్లో ఉన్న చెట్టు వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. పని తెలిసిన మాలీ కవరు నిలువునా కోసి తీసేసి, అడుగున మెలిపడ్డ వేళ్లను కొడవలితో ఒక అంగుళం మేర చెక్కేసి, పక్క వేళ్లను చేతి వేళ్లతోనే విడదీసి గుంతలో దింపుతాడు. మొక్కకు కొన్ని నిమిషాలు పట్టే పని. రోజుకు ఇన్ని మొక్కలని లెక్క పెట్టి తరిమితే కవరు అడుగు మాత్రం చీల్చి దించేస్తారు, కొన్నిసార్లు అదీ ఉండదు. ఆ చెట్టు వెంటనే చచ్చిపోదు. రెండేళ్లు అలాగే నిలబడి, ఒక పెద్ద గాలికి కవరు ఆకారంలోనే వేళ్లతో సహా పడిపోతుంది. అప్పటికి కాంట్రాక్టరు ఫోన్ నంబరు కూడా ఎవరి దగ్గరా ఉండదు.

ఏ చెట్టు పెట్టాలన్న దగ్గర కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ చెట్లను ఊడ్చేశాక, త్వరగా, నిటారుగా పెరుగుతుందని ఏడాకుల చెట్టును వీధి వీధినా నాటారు. నాలుగైదేళ్లకు అవి పూతకొచ్చాయి. అక్టోబర్, నవంబర్ నెలల్లో రాత్రిపూట ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఊపిరాడట్లేదు అని జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు. కోనోకార్పస్ అనే గుబురు చెట్టుదీ ఇదే దారి. ఎండను తట్టుకుంటుంది, పశువులు పెద్దగా ముట్టవు, కత్తిరించిన ఆకారంలో కుదురుగా ఉంటుందని డివైడర్ల నిండా, కాంపౌండ్ గోడల వెంట పెట్టారు. తెలంగాణలో హరితహారం కింద కూడా నాటించి, ఆ తర్వాత వద్దన్నారు. గుజరాత్ 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. పుప్పొడి వల్ల ఎలర్జీ వస్తుందనీ, వేళ్లు పైపుల్లోకి దూరుతాయనీ చేసే ఆరోపణల్లో ఎంత నిజమన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఒక్క మాట మాత్రం వాదనకు అందనిది. ఒకే జాతిని వేల సంఖ్యలో పెట్టాక అది బెడిసికొడితే మార్చడానికి దారి ఉండదు.

ఇందులో తిలా పాపం తలా పిడికెడు. తొందరగా ఎత్తు రావాలని అడిగేది మనమే. 'కానుగ పెడదాం సార్, పొగడ పెడదాం, మూడేళ్లు ఓపిక పట్టండి' అన్న కంపెనీకి ఆర్డర్ రాదు. ఆకులు రాలి పార్కింగ్ పాడవుతుందని వేప వద్దనే అసోసియేషన్లు కూడా ఉన్నాయి! వద్దనాల్సిన చోట వద్దనగలగడం చిన్న కంపెనీకి ఖరీదైన విలువ. నెలాఖరుకి కూలీల డబ్బు కట్టాల్సినవాడు కస్టమర్‌తో వాదన పెట్టుకోడు.

లాన్ విషయమే చూడండి. మే నెల ఎండకు రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీరు చాలనుకున్నా, చదరపు మీటరుకు ఐదు లీటర్లు. వంద గజాలకు నాలుగు వందల లీటర్ల పైమాటే. వెయ్యి గజాల లాన్ వేసుకున్న గేటెడ్ కమ్యూనిటీ, ఐదు వేల లీటర్ల ట్యాంకర్‌లో ఐదింట నాలుగొంతులకు పైగా రోజూ గడ్డికే పోస్తుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో బోరు ఎండిపోయిన కాలనీలో కూడా ఈ లెక్క మారదు. గడ్డి తగ్గించి, నీడ చెట్లు, నందివర్ధనం, నూరువరహాలు పెంచమని మొదటి మీటింగ్‌లోనే చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లకు లాభం తగ్గే సలహా అది, ఎందుకంటే బిల్లులో ఎక్కువ మొత్తం గడ్డిదే.

ఇక కూలీలు. కలుపు తీసేది, తట్టలతో మట్టి మోసేది ఎక్కువగా ఆడవాళ్లు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. అయినా ఒకే గుంత దగ్గర పార పట్టిన మగవాడికో రేటు, తట్ట ఎత్తిన మనిషికో రేటు. ఈఎస్‌ఐ వర్తించాలంటే పది మంది, పీఎఫ్‌కు ఇరవై మంది ఉండాలి. ఈ గీత కిందే ఉండిపోవడం చిన్న కంపెనీకి కష్టమేమీ కాదు, సగం మందిని రోజు కూలీలుగా పుస్తకంలో చూపకుండా వదిలేస్తే చాలు. చెదల మందు కొట్టేవాడి ముక్కుకు కట్టిన తువ్వాలు తప్ప వేరే రక్షణ ఉండదు. ఆ కంపెనీ ఎలాంటిదో తెలియాలంటే నేనైతే వెబ్‌సైట్‌లోని తోటల ఫొటోలు చూడను, మందు కొట్టే మనిషికి మాస్కు, గ్లౌజులు ఉన్నాయో లేదో చూస్తాను. మూడేళ్ల కిందటి మాలీలే ఇప్పుడూ ఉన్నారా అని అడుగుతాను. మాలీ మారినప్పుడల్లా ఏ మొక్కకు ఎంత నీరన్న లెక్క కూడా అతనితో పోతుంది.

పరిష్కారం అంటే వెంటనే అందరూ చెప్పేది ఒకటే. బిల్లులో కొంత ఆపి, మొక్కలు ఏడాది బతికాకే ఇవ్వాలని. సూత్రంగా సరైనదే, నేనూ సమర్థిస్తాను. అయితే ఆ సొమ్ము మరీ ఎక్కువైతే పెట్టుబడి లేని చిన్న కంపెనీ మునిగిపోతుంది, పెద్ద కాంట్రాక్టరే మిగులుతాడు, అతను మళ్లీ ఇదే చిన్నవాడికి సబ్ కాంట్రాక్ట్ ఇస్తాడు. అందుకని ఆపేది కొద్ది శాతమే ఉండాలి, ఏడాది చివర ఒకేసారి కాకుండా మూడు నెలలకోసారి బతికిన మొక్కలు లెక్కపెట్టి విడుదల చేయాలి. నాటేటప్పటి కూలి ఆ లెక్కలోకి రాకుండా ముందే చెల్లించాలి. నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో అగ్రిమెంట్‌లో నెలవారీగా రాసుకోవాలి. లేకపోతే మోటారు కాలిపోయి వారం రోజులు నీళ్లు రాక ఎండిన మొక్కకు కూడా కంపెనీ వాడే డబ్బు కట్టుకోవాల్సి వస్తుంది, ఇప్పుడు చాలా చోట్ల జరుగుతున్నది అదే.