సూపర్ మార్కెట్టు గారికి, లాకుల దగ్గర టీ కొట్టు నుంచి

మహారాజశ్రీ సూపర్ మార్కెట్టు గారికి, కాలవ గట్టు నుంచి మీ కస్టమరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా క్షేమం సంగతి ఎలా ఉన్నా, మీరు క్షేమంగానే ఉన్నారని మీ ఏసీ మోత మా లాకుల దాకా వినిపిస్తూనే ఉందండి.

ముందు నా గురించి రెండు ముక్కలు. ముప్పై నాలుగేళ్ళు ఈ ఊళ్ళో సైకిలు మీద ఉత్తరాలు పంచి రిటైరైన వాణ్ణి. ఊరందరి ఉత్తరాలూ మోశాను గానీ, సొంతానికి ఒకటి రాసిన పాపాన పోలేదు. మీరొచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలలూ టీ కొట్టులో మీ మాట తప్ప వేరే మాట లేదు. వర్షాల్లేవు, రొయ్య రేటు లేదు, ఎమ్మెల్యే లేడు, అంతా మీరే. ఆఖరికి మొన్న అందరూ కలిసి, "నీకు అడ్రసులు అలవాటే కదా, ఓ ఉత్తరం రాసి పడెయ్" అని నా మీద పెట్టారు.

మీ అడ్రసుకేం ఇబ్బంది లేదు. మీరు కూర్చున్నది మా సినిమా హాల్లో. మీకు తెలిసుండదు, కూలగొట్టిన కాంట్రాక్టరు చెప్పుండడు. సబ్బులూ షాంపూలూ పేర్చిన వరస ఉంది చూడండి, అది నేల టిక్కెట్టు. బిస్కట్ల దగ్గర బెంచీ. పప్పులూ నూనెలూ కుర్చీ. క్యాషు కౌంటర్లు సరిగ్గా తెర ఉన్న చోట పెట్టారు. అందుకే మా వయసు వాళ్ళు లోపలికి రాగానే తెలీకుండానే అటు తిరిగి కాసేపు నిలబడిపోతారు. మీ సెక్యూరిటీ కుర్రాడు మమ్మల్ని దొంగలనుకుని ఓ కన్నేసి ఉంచాడు. పాపం, పిల్లాడిది తప్పు కాదు.

దసరాకి మీరు తలుపులు తీసిన రోజు మర్చిపోలేం. మొదటి రెండొందల మందికి కిలో పంచదార రూపాయికే అన్నారు. మా ఊళ్ళో పదెకరాల ఆసామి ఒకాయన తెల్లారగట్ల ఐదింటికే పంచె ఎగ్గట్టి లైన్లో నించున్నాడు. రేషను కొట్టు దగ్గర లైన్లో నిలబడటం నామోషీ అని పాలేరుని పంపే మనిషి. రూపాయి పంచదార కోసం లోపలికెళ్ళి, పందొమ్మిది వందల బిల్లుతో బయటికొచ్చాడు. గుడ్లు ఉడకేసే మిషనొకటి, గదికి కొట్టుకునే సెంటు సీసాలు రెండు. నాలుగు వైపులా కిటికీలు, ముందు కాలవ, వెనక కొబ్బరి తోట ఉన్న ఇంట్లో ఇప్పుడు నిమ్మకాయ వాసన వస్తోందండి.

ఆ రోజే ట్రాలీ గొడవ. ఆసామి దాన్ని ముందు నుంచి పట్టుకుని లాగాడు, ఎడ్లబండి కాడి పట్టుకున్నట్టు. అది వెళ్ళి నూనె డబ్బాలకి గుద్దుకుంది. అప్పుడు వెనక నుంచి ఓ ఆవిడొచ్చింది. పదకొండేళ్ళు కువైట్లో ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడి నుంచి ఆవిడ రాసిన ఉత్తరాలు వాళ్ళమ్మకి చదివి వినిపించింది నేనే. "అలా కాదండి అయ్యగారూ, వెనకనుంచి తొయ్యాలండి" అని ఒంటి చేత్తో ట్రాలీని తిప్పి చూపించింది. ఒకప్పుడు ఆయన చేలో ఊడ్పులకొచ్చిన ఆడమనిషి. ఆయన కిక్కురుమనకుండా ఆవిడ వెనకాలే నడిచాడు. ఈ ఒక్క దృశ్యానికీ మీకు నేను ఎప్పటికీ బాకీ. మా ఊరి పాత కొట్లలో అరుగెక్కి సరుకు అడిగేవాళ్ళు కొందరు, అరుగు దిగువన నిలబడి అడిగేవాళ్ళు కొందరు. మీ గుమ్మానికి అరుగే లేదు.

ఇంత వరకూ పొగడ్త. ఇక అసలు సంగతికొస్తాను.

రావులపాలెం అరటి మార్కెట్టు మాకు గంట ప్రయాణం. అక్కడ గెలల లెక్క, మా ఇళ్ళ దగ్గర అత్తాల లెక్క. అత్తం అంటే గెలలో ఒక్కో వరస. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి, బొంత. చంటిపిల్లకి ఒకటి, పెళ్ళికి ఒకటి, కూరకి ఒకటి. మీ దగ్గర ఒకటే రకం. పొడుగ్గా, మచ్చ లేకుండా, నుదుట స్టిక్కరు బొట్టు పెట్టుకుని, కిలోల్లెక్కన. మా మేనత్త వెళ్ళి, "ఏవమ్మా, అత్తం ఎంత?" అనడిగింది. మీ అమ్మాయి బిత్తరపోయి, "ఏ అత్త మేడమ్?" అంది. మేనత్త ఆ పూట పళ్ళు కొనకుండానే వచ్చేసింది గానీ, ఆ మాట మాత్రం ఊరంతా పంచింది.

కొబ్బరికాయైతే మరీను. వెయ్యి కాయలకింత అని రేటు పలికే దేశం ఇది. అంబాజీపేట నుంచి లారీల్లో పై రాష్ట్రాలకి ఎగుమతయ్యే కాయ. దాన్నొక్కదాన్నీ పట్టుకుని పీచంతా గొరిగి, పైన పిలకొకటి వదిలి, ప్లాస్టిక్కు కాయితం చుట్టి, పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా అరలో కూర్చోబెట్టారు. కొనేవాళ్ళున్నారా అంటే ఉన్నారండి. నేను చూశాను. ఇంటి వెనక నలభై చెట్లున్నాయన కొన్నాడు. "దింపుకి మనుషులు దొరకడం లేదు, పూజకి టైమైపోతోంది" అన్నాడు. ఏమంటాం?

బియ్యం దగ్గర మాత్రం తప్పు మీది ఒక్కరిదే కాదు. మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ళు 1982లో స్వర్ణ విత్తనం ఇచ్చారు, మా సార్వా, అంటే వానాకాలం పంట, ఏళ్ళ తరబడి దాని మీదే నడిచింది. దాళ్వాలో, అంటే రెండో పంటలో, పండే బొండాల బియ్యం కేరళ వాళ్ళు తింటారు. నాలుగు దిక్కులా వరి పెట్టుకుని మేం కర్నూలు సోనా కొనుక్కుంటాం. దానికి మిమ్మల్నంటే కళ్ళు పోతాయి. కాకపోతే మీ బస్తా మీద 26 కిలోలని ఉంటే, ఈ పాతికా కాని యాభయ్యీ కాని లెక్కేమిటని ఆరా తీశాను. 2022 జూలై 18 నుంచి పాతిక కిలోల వరకూ ఉన్న ప్యాకింగు బియ్యానికి అయిదు శాతం జీఎస్టీ వేశారట. ఇరవయ్యారైతే లేదట. అదండీ ఆ కిలో కథ. మీ కొట్టు మొత్తంలో నాకు కనపడిన ఒకే ఒక్క కొసరు అది, దానికీ డబ్బులు తీసుకున్నారు.

కొసరు అంటే మీకు తెలిసుండదు. చెబుతాను. గురువారం సంతకి లంకలోంచి పడవెక్కి ఒకావిడ వంకాయలు తెస్తుంది. కిలో తూచాక మనం ఇంకా సంచి మూయం. ఆవిడ ఇంకోటి వేస్తుంది. మనం కరేపాకు అడుగుతాం. ఇవ్వనంటుంది. మనమే ఓ రెబ్బ లాక్కుంటాం. ఆవిడ మన వంశాన్ని తలుచుకుని ఓ తిట్టు తిడుతుంది. ఆ తిట్టుతో బేరం పూర్తయినట్టు. మీ దగ్గర కరేపాకు పది రూపాయలు. తెల్లటి ట్రేలో, పైన ప్లాస్టిక్కు దుప్పటి కప్పుకుని, ఐసీయూలో ఉన్నట్టుంది. పది రూపాయలిస్తాను, దానికేం. తిట్టేవాళ్ళేరీ?

సంచి సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. బిల్లంతా అయ్యాక, చేతుల నిండా సామాన్లు పట్టుకుని నిలబడ్డప్పుడు "బ్యాగు కావాలా సార్, ఎక్స్‌ట్రా" అంటారు. దాని మీద మీ పేరు ఈ చివర్నుంచి ఆ చివరికి. మీ బోర్డు మొయ్యడానికి నేనే కూలి ఇచ్చుకోవాలి. ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర సంచికి డబ్బడగడం తగదని 2020లోనే జాతీయ వినియోగదారుల కమిషను ఓ కేసులో తేల్చింది. ఈ సంగతి టీ కొట్టులో నేనే చదివి వినిపించాను. మర్నాటి నుంచి మా వాళ్ళు యూరియా గోనెలు పట్టుకుని మీ దగ్గరికొస్తున్నారు. మీ మేనేజరు గారు మొహం చిట్లిస్తున్నారట. అలవాటు పడతారు లెండి.

ఇక మా సందు చివర కొట్టు బాబాయి గురించి. బాబాయిని దేవుణ్ణి చెయ్యను, ఆయన కాటా నాకు తెలుసు. పళ్ళెంలో బెల్లం ముక్క పెట్టేటప్పుడు చిటికెన వేలు కూడా తూగేది. పైగా ఆరాలొకటి. "ఏమ్మా, మొన్ననే కదా కిలో పంచదార పట్టుకెళ్ళావు, చుట్టాలొచ్చారా?" ఎవరింట్లో ఏం వండుతున్నారో, ఎవరికి ఎన్నో నెలో, పోస్టుమేన్నైన నాకంటే ఆయనకే ముందు తెలిసేది. ఆడపిల్లలు ప్యాడ్లు అడగాలంటే కొట్టు ఖాళీ అయ్యేదాకా పక్కన పచ్చళ్ళ సీసాలు చూస్తూ నిలబడాలి. అడిగాక ఆయన దాన్ని పేపర్లో చుట్టి, మళ్ళీ నల్ల కవర్లో పెట్టి, బాంబు అప్పగించినట్టు ఇచ్చేవాడు. మా కోడలు మీ పక్షం. "అక్కడ ఎవరూ ఏమీ అడగరు మావయ్యా, హాయిగా ఉంటుంది" అంటుంది. నిజమే. నన్ను మాత్రం ఫోను నంబరు అడుగుతారు. అగ్గిపెట్టె కొన్నా అడుగుతారు.

కానీ 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కొబ్బరి తోటలన్నీ తెల్లారేసరికి నేలనిండా పడుకున్నప్పుడు, బాబాయి కొట్టు రేకులు ఎక్కడో చెరువులో తేలాయి. తడిసిన బస్తాలు రోడ్డు మీద ఎండబెట్టుకుంటూనే అడిగినవాడికల్లా పద్దు రాసి బియ్యం ఇచ్చాడు. తడి బియ్యానికీ పొడి బియ్యం రేటే రాశాడనుకోండి, అది వేరే సంగతి. మా ఇంటి పద్దు తీరడానికి రెండు దాళ్వాలు పట్టింది. ఆ రెండేళ్ళూ మేమాయన్ని చాటున తిట్టుకుంటూ, ఎదురుపడితే దణ్ణం పెడుతూ బతికాం. మీ దగ్గర ఆ రెండూ కుదరవు. బాకీ లేనివాణ్ణి ఏమని తిట్టుకుంటాం?

టీ కొట్టులో మీ మాటే అన్నాను కదా, ఆ వాదన తెగడం లేదు. మీవల్లే ఊరు చెడిందని ఒకడు. మీ మీదెందుకు, 2002లో ఎదుర్లంక వారధి కట్టి, గోదావరి దాటడానికి పంటు ఎక్కనక్కర్లేకుండా యానాం మీదుగా కాకినాడ చప్పున పోయొచ్చే రోజు రాగానే చెడిందని ఇంకొకడు. అంతకు ముందే, కాలవలో ధాన్యం పడవలు పోయి లారీలు వచ్చినప్పుడే అయిపోయిందని మా పెద్దాయన. టీ కాచేవాడికి విసుగొచ్చి, "అసలు కాటన్ దొర 1852కల్లా ఆ ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోతే ఈ కాలవా లేదు, గట్టూ లేదు, మీ గోలా లేదు" అన్నాడు. అని వెంటనే గిన్నె కింద పెట్టి లెంపలేసుకున్నాడు. మా వైపు ఎవర్నైనా ఏమైనా అనొచ్చు గానీ కాటన్ దొరని అనకూడదండి.

మొన్న జూన్ గాలివానకి కరెంటు పోయిన రోజు మీ దగ్గరే ఉన్నాను. చేతిలో శనగపప్పు, ఉప్పు ప్యాకెట్టు, అగ్గిపెట్టెల కట్ట. డబ్బులు చిల్లరతో సహా సిద్ధం. "సర్వరు డౌను సార్" అంది రెండో కౌంటర్లో అమ్మాయి. ఆ పిల్ల బాబాయి మనవరాలే. మూడిటికీ మొత్తం ఎంతో నోటితోనే చెప్పేసింది, తాత పోలిక. కానీ మిషను ఒప్పుకుంటే గానీ డబ్బు ముట్టుకోకూడదట. తెర ఉన్న చోట అందరం మళ్ళీ చీకట్లో నిలబడ్డాం. వెనక నుంచి ఎవడో ఈల కూడా వేశాడు, రీలు తెగినప్పుడు వేసినట్టు. ముప్పావుగంట చూసి, అన్నీ అక్కడే పెట్టేసి, బాబాయి కొట్టుకెళ్ళి కొవ్వొత్తి వెలుగులో కొనుక్కున్నాను. ఎందుకాలస్యమని అడిగాడు. చెప్పాను. నవ్వుతాడనుకుంటే, "పిల్ల భయపడుతోందా?" అన్నాడు. గొడుగు తీసుకుని అటే వెళ్ళాడు.

అన్నట్టు బాబాయి ఇంతవరకూ మీ గడప తొక్కలేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి మనవరాలి కోసం సైకిలేసుకొచ్చి, బయట మీ ఏసీ నీళ్ళు కారే చోట నిలబడతాడు. ఓ రోజు ఆ పిల్ల చేత మినప్పప్పు కిలో ప్యాకెట్టు ఒకటి కొనిపించాడు. ఇంటికి కాదు, కొట్టుకి పట్టుకెళ్ళాడు. మేం నలుగురం చూస్తుండగా కవరు తీసి, ఖాళీ కవరు పక్కన పెట్టి, పప్పు పళ్ళెంలో పోసి, అటు కిలో రాయి వేశాడు. ముల్లు నిటారుగా నిలబడింది. పళ్ళెం దులిపాడు, రాయి తుడిచాడు, మళ్ళీ తూచాడు. మళ్ళీ నిటారే. తక్కువొస్తే ఊరంతా చెప్పుకోవాలని వచ్చిన మనిషి, కాసేపు ఆ ముల్లు వైపే చూశాడు.

"ఒక్క గింజ అటూ లేదు ఇటూ లేదురా," అన్నాడు. "ఎలా బతుకుతార్రా వీళ్ళు?"

కాబట్టి మా మనవి ఒక్కటే. బిస్కట్ల వరసలో, ఒకప్పుడు బెంచీ ఉన్న చోటే, ఓ బెంచీ వేయించండి. మీ దగ్గర చల్లగా ఉంటుంది, మాకు మోకాళ్ళ నొప్పులు. కొనేది కొంటాం, కొననప్పుడు కూర్చుంటాం. ఫోను నంబరు మాత్రం ఒక్కసారే అడగాలి.

ఇట్లు,
మీ ఖాతాలో 43 పాయింట్లు పోగేసుకున్న,
పోగేసుకుని ఏం చెయ్యాలో తెలియని,
మాజీ పోస్టుమేను.

తా.క.: మీ ట్రాలీ ఒకటి రెండు వారాలుగా కనపడటం లేదని మీ సెక్యూరిటీ కుర్రాడు వెతుకుతున్నాడట. బెంగపడొద్దని చెప్పండి, మా రేవులో ఉంది. దింపు కాయలు తోటలోంచి గట్టు దాకా తోలడానికి మా వాళ్ళు పట్టుకెళ్ళారు. వెనక నుంచే తోస్తున్నారు, ఆ భయం అక్కర్లేదు. ఎడమ చక్రం వంకర మాత్రం మీ దగ్గరున్నప్పటిదే, మాకంటగట్టొద్దు. దింపు అవగానే కడిగి పంపిస్తాం. అద్దె కింద నాలుగు కాయలు వేస్తాం, ఇంకోటి కొసరు.