సముద్రం మాదే, చూసుకునేదానికి పోతాండాం

డిసెంబర్ వచ్చిందంటే చాలు కడప, ప్రొద్దుటూరు, అనంతపురం, కర్నూలు నుంచి కార్లకు కార్లు తూర్పు దిక్కుకు తిరుక్కుంటాయి, దీన్ని పేపరోళ్లు 'పర్యాటకుల తాకిడి' అని రాస్తారు, ఈ మాటను నేను తీవ్రంగా ఖండిస్తున్నా. పర్యాటకులు అంటే పరాయి చోటు చూడ్డానికి పోయేవాళ్లు. మేం పాత ఆస్తిని ఏడాదికి ఒకసారి పోయి చూసుకొచ్చే హక్కుదారులం. ఆస్తి అన్నాక గట్లు సరిగ్గా ఉన్నాయా, ఎవడన్నా కబ్జా పెట్టాడా, అలలు టైముకు వస్తున్నాయా లేదా చూసుకోవాల్నా వద్దా?

నవ్వేవాళ్లు నవ్వండి, నా దగ్గర ఆధారాలున్నాయి. జియాలజీ చదివినోళ్లను ఎవర్నైనా అడగండి, కడప బేసిన్ అనేది ఒకప్పటి సముద్రం అడుగు. వేంపల్లె పేరు పెట్టిన రాతి పొరల్లో స్ట్రోమటోలైట్లు అని ముడతలు ముడతలుగా కనపడతాయి, అప్పటి లోతు లేని నీళ్లలో కంటికి కనపడని జీవులు కట్టుకున్న కట్టడాలు అవి, వయసు 180 కోట్ల ఏళ్ల పైమాటే. అంటే నెల్లూరోళ్లు పులుసులో మామిడికాయ వెయ్యడం మొదలుపెట్టకముందే వేంపల్లెలో బీచ్ ఉంది. మీ వంటింట్లో గ్యాస్ పొయ్యి కింద నల్లగా ఉంటుందే కడప బండ, అది సున్నపురాయి, అదీ నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకున్నదే. ఊరూరా మా సముద్రం మీద ఉల్లిగడ్డలు తరుక్కుంటా, మళ్లీ మమ్మల్నే చూసి 'మీకు బీచ్ లేదు కదా పాపం' అంటారు.

ఇంత పాత సముద్రం ఎట్లా పోయింది, ఎవరి హయాంలో పోయింది అనేదాని మీద ఇంతవరకు ఒక్క కమిటీ కూడా వెయ్యలేదు. 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నప్పుడు కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు ముందు వాటా అన్నారు, ఉప్పునీళ్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో అది హైదరాబాద్‌కు పోయింది, పోతాపోతా నష్టపరిహారం కింద ఒక చిన్న బీచ్ అడిగుంటే ఎవరు కాదనేవాళ్లు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మాత్రం సూళ్లూరుపేట వైపు కొంత తీరం తిరుపతి జిల్లాలో కలిసింది, సీమకు సముద్రం వచ్చిందని మేం టపాకాయలు కాల్చబోయాం, తర్వాత ఆలోచిస్తే ఏడుకొండలవాడూ వాళ్లకే, శ్రీహరికోట రాకెట్లూ వాళ్లకే, సముద్రమూ వాళ్లకే. కడపోనికి ఏం మిగిలింది, బండలు.

ఇంకో అన్యాయం చెప్తా. రాష్ట్రానికి 974 కిలోమీటర్ల తీరం అని చిన్నప్పుడు స్కూల్లో బట్టీ పట్టాం. ఈమధ్య వంపులు, మలుపులు అన్నీ దగ్గర్నుంచి కొలిచేసరికి 1,053 తేలింది. 79 కిలోమీటర్లు కొత్తగా బయటపడ్డాయి! అందులో ఒక్క కిలోమీటరన్నా జమ్మలమడుగు పక్కకు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. అక్కడ గండికోట దగ్గర పెన్న కొండను కోసుకుని మరీ దారి చేసుకుని సముద్రానికి పోతాంది, నదికే అంత ఆరాటం ఉంటే మనుషులకు ఉండదా. మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, కూడా మనకంటే ముందే పోర్టుకు పోయి ఓడ ఎక్కి ఫారిన్ పోతుంది, ఆడ చమురు బావులు తవ్వేదానికి వాడతారంట.

పోయిన సముద్రం వెనక్కి రాదని పెద్దోళ్లకు ముందే తెలిసినట్టుంది. చెరువులు తవ్వుకున్నారు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనంలో మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు లెక్కపెట్టి, ఏ దోషాలు ఉండకూడదో కూడా రాసిపెట్టారు. అదీ మా క్రమశిక్షణ. సరే, ఆ మనవళ్లు ఇప్పుడు సముద్రం చూడ్డానికి ఎట్లా బయల్దేరతారో చూడండి.

'ఈసారి హడావుడి లేకుండా, నిదానంగా, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగుతా పోదాం' అని వాట్సాప్ గ్రూపులో మా మామ మెసేజ్ పెడతాడు. నెల్లూరు నుంచి భీమిలి దాకా ఒక్కొక్క బీచ్ తగులుకుంటా పోవడం ప్లాను. నిదానంగా పోవడం అనేది మా సీమలో నెల రోజుల ముందు నుంచి హడావుడి పడితే గానీ కుదరదు. తెల్లవారుజామున నాలుక్కు బయల్దేరాలంటారు, నాలుక్కు బాయిలర్ వేస్తారు. ఇన్నోవా డిక్కీలో బట్టల బ్యాగుల కంటే ముందు నువ్వుల పొడి, చెనిక్కాయల చట్నీ పొడి, జొన్నరొట్టెలు, బొరుగులు, ఊరగాయ జాడీ, ఒక ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎక్కుతాయి. 'ఆడ నీళ్లు మనకు పడవబ్బీ' అంటాడు మామ, పోయేది నీళ్లు చూడ్డానికే అయినా. తీరా బండి స్టార్ట్ అయినాక, ఊరు దాటకముందే కారం దోశకు ఆపుతారు, ఎందుకంటే అవతల దొరికే దోశను దోశ అని ఒప్పుకోలేరు.

స్వెట్టర్లు, మంకీ క్యాపులు ఇంకో బ్యాగు. అనంతపురం నుంచి వచ్చిన చిన్నాయనకు చలికాలం అంటే చలే, ఆయన ఉండేది ఎత్తు మీద, ఆడ రాత్రి పూట నిజంగానే వణుకుతారు. సముద్రం పక్కన అట్లా ఉండదు సామీ, నీళ్లు పగలు తాగిన వేడిని రాత్రికి మెల్లగా వదుల్తాయి కాబట్టి ఒడ్డు ఊర్లలో చలి పెద్దగా దిగదు, పైగా గాల్లో తేమ. వెలికొండలు దాటి ఆత్మకూరు దిగేసరికే చిన్నాయన మంకీ క్యాపు లోపల చెమటలు కారతా ఉంటాయి, తీయమంటే తియ్యడు, 'చలికాలం రా' అంటాడు. క్యాలెండర్‌కు గౌరవం ఇచ్చే మనిషి.

అసలు ఈ సీజన్ ఎంపికలోనే మా ప్రజ్ఞంతా ఉంది. నవంబర్, డిసెంబర్ అంటే ఈశాన్య రుతుపవనాల కాలం, బంగాళాఖాతంలో వాయుగుండం అన్నప్పుడల్లా నెల్లూరు తీరం తడుస్తుంది, కాబట్టి సెలవు పెట్టిన రోజే హెచ్చరిక జెండా ఎగరేస్తారు. అది ఒకెత్తు. ఇంకొకటి, చేపల కోసం ఊరిస్తా ఊరిస్తా ఏడాదంతా ఎదురుచూసి మేం పోయేది సరిగ్గా బండిలో సగం మంది చేప ముట్టకూడని కాలంలో. ఇద్దరు అయ్యప్ప మాలలో ఉంటారు. అత్తకు కార్తీకం, అది అయిపోతే ధనుర్మాసం. వదినకు సోమవారం, మామకు శనివారం. మిగిలిన నేనూ మా అల్లుడూ హోటల్లో నెల్లూరు చేపల పులుసు చెప్పుకుంటే ఎదురుగా నల్లబట్టల్లో స్వాములు కూర్చుని పెరుగన్నం కలుపుకుంటా మా వైపు చూసిన చూపు ఉందే, ఆ చూపుకు ముల్లు గొంతులో ఇరుక్కుంటుంది. 'ఎట్లుండాది స్వామీ?' అని అడుగుతాడు ఒకాయన మెల్లగా. ఏం చెప్పాలి. బాగా లేదని చెప్పి రెండో ప్లేటు తెప్పించుకున్నాం.

నెల్లూరు దగ్గరుండే మైపాడు బీచ్ చేరినాక తనిఖీ మొదలు. మామ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని, ఒక అల వచ్చి పాదాలు తడిపి పోయేదాకా కదలకుండా నిలబడి, తర్వాత వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. కొంచేపు ఆలోచించి 'ఉప్పుండాది' అని తేల్చాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. వెంటనే ప్రొద్దుటూరులో ఉన్న బావకు వీడియో కాల్, 'ఇదో సముద్రం, చూడు', ఆ బావ కూడా 'ఆ, కనపడతాంది, తిన్నారా?' అన్నాడు. మిరపకాయ బజ్జీ తిని 'కారం లేదు' అని నోట్ చేసుకున్నాం. ఆస్తి మొత్తానికి ఇదొక్కటే లోపం.

మా అల్లునిది వేరే బాధ. వానికి సన్‌సెట్ రీల్ కావాల. సాయంత్రం ఐదు నుంచి ఫోన్ స్టాండ్ పెట్టుకుని సముద్రం వైపు చూస్తా కూర్చున్నాడు, సూర్యుడేమో వెనక పార్కింగ్‌లో బస్సుల మీదుగా పోయి పొలాల్లోకి దిగిపోయినాడు. మనది తూర్పు తీరం నాయనా, నీళ్లలోంచి పుట్టేది చూడాలంటే పొద్దున్నే రావాల అని చెప్పా. పొద్దున్నే ఎవరొస్తారు, ఆ టైములో మా వాళ్లు టిఫిన్‌లో ఉగ్గాని దొరుకుతుందా లేదా అని లాడ్జి పిల్లోన్ని విచారిస్తా ఉంటారు. ఈ లెక్కన సీమ జనాభాలో సముద్రం దగ్గర సూర్యుణ్ణి చూసినోళ్లు ఎవరూ లేరు, చూశామనేవాళ్లు కన్యాకుమారి ఫోటో పెట్టుంటారు.

ఈత గురించి మాత్రం ఒక మాట, వ్యంగ్యం పక్కన పెట్టి. చెరువులో, కేసీ కెనాల్‌లో ఈదినోనికి సముద్రం అర్థం కాదు, అల వెనక్కి గుంజేటప్పుడు కాలి కింద ఇసుక జారిపోతుంది. ఒడ్డున ఉండే పడవోళ్లు 'ఆ పక్కకు పోవద్దు' అంటే వినండి. హక్కుదారుడైనా మునిగితే మునగడమే.

మైపాడు నుంచి తర్వాత బీచ్‌కు పోవాలంటే మళ్లీ నెల్లూరు రావాల, హైవే ఎక్కాల. తీరం వెంబడి రోడ్డు ట్రిప్ అన్న మాటే కానీ పదహారో నంబరు హైవే మీద పోతుంటే సముద్రం ఎక్కడో అవతల దాక్కుని ఉంటుంది, కనపడేది చేపల చెరువులు, టోల్‌గేట్లు, యూకలిప్టస్ తోటలు. ఒంగోలు దాటినాక 216 నంబరు రోడ్డు పట్టుకుంటే కొంచెం నయం, చీరాల దగ్గర వాడరేవు, బాపట్ల దగ్గర సూర్యలంక పక్కపక్కనే తగులుతాయి.

చీరాలకు ముందు మోటుపల్లి ఉంది, అక్కడ నేను బండి ఆపించా, ఎవరికీ ఇష్టం లేకపోయినా. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో ఆ రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినోళ్ల ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవాళ్లంట, ఇక మీదట న్యాయంగా రావాల్సిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన మాట ఇచ్చాడు. చదివితే కళ్లు చెమర్చాయి. కడప నుంచి కొట్టుకొచ్చిన మాకు ఆ అభయం వర్తించదా? కారు పార్కింగ్‌కు ఒకడు, గొడుగు కింద కుర్చీకి ఒకడు, కుర్చీలో కూర్చోకుండా నిలబడితే ఎందుకు నిలబడ్డారని ఒకడు, గుర్రం ఎక్కకపోయినా గుర్రంతో ఫోటోలో పడ్డందుకు ఒకడు. ఆ కాలంలో గుర్రాలు లాక్కునేవాళ్లు, ఇప్పుడు గుర్రం చూపించి లాక్కుంటారు. ఆ శాసనాన్ని పెద్దక్షరాలతో రాయించి ప్రతి బీచ్ ముందు నిలబెట్టాలని ఈ వ్యాసం ద్వారా డిమాండ్ చేస్తున్నా.

భీమిలి దాకా అనుకున్న నిదానం యాత్ర బాపట్లలో ముగిసింది. శనగ చేనుకు పచ్చపురుగు పడిందని ఊర్నుంచి ఫోన్, మందు కొట్టాల, ఇంక మామ నిలవడు. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కడా ఆగకుండా, నిదానం గిదానం ఏమీ లేకుండా వచ్చేశాం, చాలా హాయిగా ఉండింది.

ఇంటికొచ్చినాక అల్లుడు మ్యాప్ తీసి చూపించాడు, మైదుకూరులో మనం తూర్పుకు తిరిగే ఆ అరవై ఏడో నంబరు హైవేనే పడమరకు తిరిగితే గుత్తి, బళ్లారి మీదుగా గోవా పొలిమేర దాకా పోతుందంట. ఆడైతే సూర్యుడు నీళ్లలోనే మునుగుతాడు మామా అంటాడు. నేను సూత్రప్రాయంగా వ్యతిరేకించా. ఆ సముద్రానికీ మాకూ ఏ కాగితం లేదు, ఆడికి పోతే ఉత్త టూరిస్టులం అయిపోతాం, కుర్చీకి ఎంత అడిగితే అంత ఇవ్వాల్సిందే. అయినా మగోళ్లంతా జనవరికి ఓకే అన్నారు, మాల తీసేస్తారు కాబట్టి స్వాములు అందరికంటే ముందు ఓకే అన్నారు. ప్రస్తుతం ఆ ఫైలు అత్త దగ్గర పెండింగ్‌లో ఉంది.