బ్లూ బుక్కు గారికి ఓ విన్నపం

లండన్ కామన్స్ సభ వారి బ్లూ బుక్కు గారికి,

బ్రిటిష్ పార్లమెంటు వారి అధికారిక నివేదికగా పుట్టి, నీలం అట్ట తొడుక్కుని, వందల పేజీల ఒళ్లు పెంచుకుని పందొమ్మిదో శతాబ్దమంతా దర్జాగా బతికారు. అప్పట్లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఐర్లండ్‌లో ఏ గొడవ జరిగినా ముందు విచారణ కమిషన్, తర్వాత మీరు. కౌలు తగాదాలా, బ్లూ బుక్కు. కరువా, ఇంకో బ్లూ బుక్కు. అచ్చయ్యాక మిమ్మల్ని ఎవరూ ముట్టుకోరన్న భరోసా కూడా ఉండేది.

ఆ సుఖం జోసెఫ్ బిగ్గర్ చెడగొట్టాడు. బెల్‌ఫాస్ట్‌లో పంది మాంసం వ్యాపారి, 1874లో కావన్ నుంచి గెలిచి సభకొచ్చాడు. 1875 ఏప్రిల్ 22న ఐర్లండ్ మీద అణచివేత చట్టాన్ని పొడిగించే బిల్లు వస్తే, దాన్ని ఆలస్యం చేయడానికి లేచి, మిమ్మల్ని తెరిచి, బిగ్గరగా చదవడం మొదలెట్టాడు. దాదాపు నాలుగు గంటలు! చివరికి గొంతు బొంగురుపోయి, వినపడటం లేదని స్పీకర్ అంటే, పుస్తకాలు చంకన పెట్టుకుని ముందుకొచ్చి, మళ్లీ మొదట్నుంచి చదువుతానన్నాడట. మీ జన్మలో అంతటి అభిమాని దొరికాడా?

అచ్చువేసిన సర్కారే మిమ్మల్ని వినలేక అల్లాడింది. బిగ్గర్ సొంత ఐరిష్ పార్టీ నాయకుడు ఐజాక్ బట్‌కూ ఈ పద్ధతి నచ్చలేదు. ఆయన పెద్దమనిషి. మర్యాదగా అడిగేవాడు, మర్యాదగా ఓడిపోయేవాడు. ఆ రోజే సభలో అడుగుపెట్టిన, తర్వాత ఆ పార్టీకి నాయకుడైన పార్నెల్ మాత్రం బట్ దగ్గర మర్యాద కాక, బిగ్గర్ దగ్గర విద్య నేర్చుకున్నాడు.

మరో అయిదు రోజులకు వేల్స్ యువరాజు గుర్రాల మీద చర్చ వినడానికి గ్యాలరీలో కూర్చున్నారు. సభలో బయటివాళ్లున్నారని బిగ్గర్ గుర్తుచేశాడు. సభ్యుడెవరైనా అలా అంటే బయటివాళ్లంతా వెళ్లిపోవాలన్నది పాత నియమం, కాదనడానికి లేదు. యువరాజూ లేచి వెళ్లాల్సి వచ్చింది.

ఇక 1881. ఐరిష్ వాళ్లను విచారణ లేకుండా జైల్లో పెట్టే బిల్లు మీద జనవరి 31న మొదలైన సభ 41 గంటలు నడిచింది. ఫిబ్రవరి 2 ఉదయం బిగ్గరే మాట్లాడుతుండగా స్పీకర్ బ్రాండ్ వచ్చి, ఏ నిబంధనలోనూ లేని అధికారంతో చర్చ ముగించేశారు. మర్నాడు 36 మంది ఐరిష్ సభ్యులను సస్పెండ్ చేశారు. 1882లో చర్చకు కత్తెర వేసే నియమమే రాసుకున్నారు. అన్ని గంటలు విన్నా సభకు ఐర్లండ్ మీద జాలి కలగలేదు గానీ, తన నిద్ర మీద మాత్రం బాగానే కలిగింది.

కాబట్టి నా విన్నపం. ఇకపై అట్ట మీద ఇలా అచ్చు వేయించుకోండి: "అలమరలో పెట్టుకోవడానికి మాత్రమే. సభలో చదవరాదు."

ఇట్లు,
మీలో ఒక్క పేజీ కూడా తిప్పని పాఠకుడు