లావు వేరు, ఊబకాయం వేరు, కొవ్వెక్కడం వేరు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: లావుకే ఊబకాయం అని పెద్ద పేరు పెట్టారు, లావు అన్నది మొదటినుంచీ వెక్కిరింపు మాటే, పొగరును "ఒళ్ళు కొవ్వెక్కింది" అంటాం కాబట్టి లావుగా ఉండటం గుణదోషమని మన భాషే చెబుతోంది. మూడూ తప్పే.

ముందు వెక్కిరింపు సంగతి. పాత తెలుగులో లావు అంటే బలం. పోతన గజేంద్రుడు మొసలి నోట చిక్కి "లావొక్కింతయు లేదు" అని మొరపెట్టుకుంటాడు. ఏనుగు తనకు ఒళ్ళు లేదని ఏడుస్తుందా? సత్తువ ఉడిగిందని అంటోంది. లావు తాడు, లావుపాటి పుస్తకం, లావు అక్షరాలు అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం, వాటిలో ఎగతాళి ఎక్కడుంది? మనిషి దగ్గరికొచ్చేసరికి అంతా అనే తీరులో ఉంటుంది. మా అమ్మమ్మ మనవరాలి బుగ్గలు పుణికి "కాస్త ఒళ్ళు చేశావే" అంటే ఆ పిల్ల నవ్వేది. ఓ పెళ్లిలో నలుగురి ముందు ఎవరో "ఏంటి, ఇంత లావయ్యావ్?" అన్నారు. అదే పిల్ల చేతిలో ప్లేటు పక్కన పెట్టేసింది.

ఊబకాయం వైద్యుల మాట, దానికో కొలత ఉంది. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకు 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. 1.60 మీటర్ల మనిషికి మొదటిది 64 కిలోల దగ్గర, రెండోది దాదాపు 77 దగ్గర మొదలవుతుంది. కాబట్టి కంటికి లావుగా కనిపించినవాళ్ళందరికీ ఊబకాయం ఉన్నట్టు కాదు. పైగా దక్షిణాసియా వాళ్ళకు ఇంతకన్నా తక్కువ అంకెల దగ్గరే షుగర్ ముప్పు పెరుగుతుంది. ఎవరూ లావు అనని మనిషికి కూడా జాగ్రత్త అవసరం కావచ్చు. రెండు మాటల్నీ ఒకటి చేస్తే ఇదంతా మరుగున పడిపోతుంది.

ఇక కొవ్వు. బక్కపలచని కుర్రాడు ఎదురు మాట్లాడినా "కొవ్వెక్కిందా?" అంటాం. అక్కడ బరువు ఊసే లేదు. "కళ్ళు నెత్తికెక్కాయి" అన్నది కంటి జబ్బు కానట్టే ఇదీ. నన్ను బాగా బాధపెట్టింది ఈ మూడో మాటే. మా పిన్ని ఉబ్బసానికి చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు మింగింది, వాటితో ఒళ్ళు వచ్చింది. "తిని కూర్చుంటే కొవ్వు పట్టదా?" అని చుట్టాలు అంటుంటే, ఆయాసంతో జవాబు చెప్పలేక ఊరుకునేది.