పానకాభిషేకం

హమ్మింగ్‌బర్డ్ ఫీడరు, అంటే పూలతేనె తాగే ఆ బుల్లి పిట్ట కోసం పెరట్లో వేలాడదీసే పంచదార నీళ్ళ సీసా, నింపడం బ్రహ్మవిద్యేమీ కాదు. కప్పు పంచదార, నాలుగు కప్పుల నీళ్ళు; కరిగేదాకా వేడిచేసి, పూర్తిగా చల్లార్చాలి. మొన్న ఆదివారం కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక అల్లుడుగారు ఇంతవరకూ సరిగ్గానే చేశాడు. ఇండియా నుంచి వచ్చిన మామగారు "పంచదారెందుకు బాబూ, బెల్లం వెయ్యండి, చలవ" అన్నా లొంగలేదు. మంచిపనే. బెల్లంలోని ఇనుము ఆ పిట్టకి పడదు, తేనె వేస్తే బూజు పడుతుంది. డబ్బాలో వచ్చిన ఎర్రరంగు పొట్లం కూడా చెత్తబుట్టలో వేశాడు. సీసా మూతికి బిగించే అడుగుపళ్ళెం ఎర్రగానే ఏడ్చింది, మళ్ళీ నీళ్ళకి రంగెందుకో అమ్మినవాడికే తెలియాలి.

ఇక సీసాని తలకిందులు చెయ్యాలి. సూచనల కాగితంలో దీనికి దక్కింది ఒక బొమ్మ, ఒక వంకర బాణం. సింకు మీద తిప్పి, చుక్కలు ఆగాక బయటికి తీసుకెళ్ళమని ఒక్క ముక్క రాస్తే వాడి సొమ్మేం పోయింది? అల్లుడుగారు పెరట్లో స్టూలెక్కి, కొక్కెం కిందే తిప్పాడు. సీసాలో గాలి చొరకుండా ఉన్నంతసేపే బయటి గాలి ఒత్తిడి నీళ్ళని నిలబెడుతుంది. పళ్ళెం మర ఒక చుట్టు వంకరగా ఎక్కినా, రబ్బరు వాషరు మడతపడినా, గాలి బుడబుడమంటూ లోపలికి, పానకం బయటికి. చేతులు పైకెత్తి ఉన్నాయి గనక అది నేలమీద పడదు. మణికట్టు, మోచెయ్యి, చంక, అక్కణ్ణుంచి నడుము దాకా తీరిగ్గా దిగుతుంది. వదిలేస్తే గాజు సీసా పగులుతుంది. "గట్టిగా పట్టుకోండి!" అని కింద నుంచి మామగారు.

సరిగ్గా అప్పుడే ఆనాస్ అనే రకం హమ్మింగ్‌బర్డ్ మగపిట్ట దిగబడింది. కాలిప్టీ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. ఊదా కంఠం కోస్టాస్ ఎడారుల్లో ఉంటుంది, గులాబీ తల ఆనాస్ ఏడాది పొడుగునా శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాని వదలదు. 1829లో లెసన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి ఆనా అనే రివోలీ డచెస్ (డ్యూక్ ప్రభువు భార్య) పేరు పెట్టాడు. పేరు అంత గొప్పది, చేసేది దౌర్జన్యం: తన ఫీడరు దగ్గర ఇంకో పిట్టని వాలనివ్వదు. బరువు నాలుగు గ్రాముల పైచిలుకు. నూరడుగులు పైకెక్కి, నిట్టనిలువునా దూకి, అల్లుడుగారి చెవి పక్కన కీచుమంది. ఆ కీచు గొంతుది కాదు, తోక చివరి ఈకలది. స్టూలు మీదున్నవాడికి ఆ తేడా అప్పుడేం పడుతుంది?

ఈలోగా చీమలు. వాటిని ఆపడానికి కొక్కేనికీ ఫీడరుకీ మధ్య చిన్న నీళ్ళగిన్నె తగిలించాలి. డబ్బా మీది బొమ్మలో ఉంది, డబ్బాలో లేదు. విడిగా కొనుక్కోవాలట.