ఎంగిలి కంచం గారి సముఖమునకు

విశాఖపట్నం.

మహారాజశ్రీ ఎంగిలి కంచం గారికి,

మనిద్దరం ఒకే ఇంట్లో పెరిగాం కాబట్టి ఇక్కడి నుంచి నువ్వు అనే రాస్తాను. ఏమీ అనుకోకు.

నా అయిదో ఏట నాన్న నిన్ను పూర్ణా మార్కెట్‌లో కొని, అంచు మీద నా పేరు కొట్టించారు. చుక్కలు చుక్కలుగా, చివరి అక్షరం కాస్త వంకరగా. అక్కకీ ఒకటి కొన్నారు, పేరు లేకుండా. పెళ్లయి వెళ్లిపోయే పిల్ల కంచానికి పేరెందుకని కాబోలు. నీ మీద పేరు నాది. నిన్ను తోమే కొబ్బరి పీచు అక్కది. ఇందులో ఏదో తేడా ఉందని నాకు తట్టడానికి నలభై ఏళ్లు పట్టింది.

తినడం అయిపోగానే నీలోనే చెయ్యి కడిగేవాణ్ని. గ్లాసులో మిగిలిన నీళ్లు పోస్తే ములక్కాడ పిప్పి, కరివేపాకు, నాలుగు మెతుకులు తేలేవి. వేళ్లు విదిలించి లేచిపోవడమే. ఎప్పుడైనా పొరపాటున నిన్ను ఎత్తబోతే అమ్మ కేకేసేది, "నువ్వెందుకురా నాన్నా, అక్క తీస్తుందిలే." మా నాన్నయితే ఆ పొరపాటు కూడా ఎప్పుడూ చేయలేదు. పది నిమిషాలాగి చూస్తే నువ్వు మాయం. రాత్రికి మళ్లీ తళతళలాడుతూ ప్రత్యక్షం. ఏ చెత్తయినా కాసేపు వదిలేస్తే దానంతటదే పోతుందన్న శాస్త్రం నాకు నేర్పిన గురువువి నువ్వే. చేతులు కడిగేసుకోవడమనే మాటకి ఇంకో అర్థం ఉందని తర్వాత బడిలో చెప్పారు. నాకు కొత్తగా అనిపించలేదు.

నేనొక్కణ్నే నీ శిష్యుణ్ని కాదులే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం, ఎవరు రోజంతా ఏం చేస్తూ గడుపుతున్నారో దేశమంతా లెక్క తీసింది. ఇంట్లో జీతం లేని చాకిరీ ముట్టుకున్నవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. ఆ లెక్క 6 ఏళ్ల పిల్లల దగ్గర్నుంచే మొదలెట్టారు. మంచి పనే. ఆ వయసుకి నేను పట్టా కూడా పుచ్చేసుకున్నాను.

ఆ పట్టాతోనే ఆర్కే బీచ్‌కి వెళ్తాం. సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా కూర్చుని మురీ మిక్చర్ తింటాం. ఆఖరి పల్లీ నోట్లో పడగానే పొట్లం ఉండ చుట్టి పక్కన పెడతాం. విసరం సుమా, మర్యాదస్తులం. పక్కన పెడతాం, అంతే. సముద్రాన్ని గంగమ్మ తల్లి అంటాం కదా. తల్లి అన్నాక ఎంగిలి తీయదా?

పొద్దున్నే వాకింగ్ వాళ్ల కోసం బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు. మొన్న ఓ పెద్దాయన నడుం వంచి కాలి బొటనవేళ్లు అందుకుంటున్నాడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత అక్కడికక్కడే తప్పయింది. ఆ మాను ఇరవై సార్లు వంగింది. బొటనవేలికి జానెడు దూరంలో ఐస్‌క్రీమ్ కప్పు ఇరవై సార్లూ అక్కడే ఉంది. కాసేపటికి చీపురుతో ఒకావిడ వచ్చి తీసింది. "అదిగోనమ్మా, అక్కడింకోటి" అని వేలు చూపించి పెద్దాయన కూడా తన వంతు సాయం చేశాడు. నవ్వబోయి ఆగాను. మంచినీళ్ల బిందె వైపు మా నాన్న వేలు అచ్చం అలాగే లేచేది.

రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. శుభ్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే గుర్తింపు జెండా అది. 2025లో నిర్వహణ బాగాలేదని కొన్నాళ్లు ఆ జెండా దించి, మళ్లీ ఎక్కించారు. ఇచ్చే సంస్థ ఎక్కడో డెన్మార్క్‌లో ఉంది. మన ఎంగిలి మనకి కనపడాలంటే అంత దూరం నుంచి చూడాలేమో.

మా లిఫ్టులో పాల ప్యాకెట్, పెళ్లి బఫేలో కుర్చీ కింద ప్లేటు, ఇవన్నీ నీ బంధువర్గమే. టేబుల్ మీద నెలల తరబడి కదలని ఫైలుంటుంది చూశావూ, అది నీ సొంత తమ్ముడు. తన సంతకం అయిపోగానే లేచిపోయిన పెద్దమనిషి దాన్ని ఎవరో తీస్తారని వదిలేసి ఉంటాడు. వాళ్లింట్లో కూడా ఒక అక్క ఉండే ఉంటుంది.

మొన్న ఆదివారం పట్టుదలగా నిన్ను నేనే ఎత్తాను. అమ్మకిప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అయినా మంచం దిగి వచ్చింది.

"నువ్వు తీయడమేమిట్రా, కోడలేదీ?"

"డ్యూటీకి వెళ్లిందమ్మా."

"అయితే అక్కడ పెట్టు. వచ్చాక తీస్తుంది."

వినలేదు. సింకు వైపు నాలుగడుగులు వేశాను, పెళ్లి ఊరేగింపులో నడిచినంత గొప్పగా. వెనక నుంచి మావాడు కంచంతో పరిగెత్తుకొచ్చాడు. తొమ్మిదేళ్లు. నన్ను చూసి నేర్చుకుంటున్నాడని నా గుండె ఉప్పొంగింది. వాడి కంచం మీద కూడా పేరుంది, వాళ్ల నానమ్మ కొట్టించింది. దాన్ని తెచ్చి సరిగ్గా నీ మీద పెట్టాడు.

"ఎలాగూ వెళ్తున్నావు కదా నాన్నా" అని మళ్లీ టీవీ ముందుకి వెళ్లిపోయాడు.

ఇట్లు,
నీ అంచు మీద పేరున్నవాడు